సుంకాలు, చిప్‌లు, కృత్రిమ మేధ: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే ఆందోళన చుట్టూ తిరిగాయి. దేశాల మధ్య వాణిజ్యం, కొత్త యంత్రాలు, పాలకుల నిర్ణయాలు ఒకదానితో ఒకటి ముడిపడి మారిపోతుంటే ఆ మార్పుకయ్యే ఖర్చు చివరికి ఎవరి నెత్తిన పడుతుందన్నదే ఆ ఆందోళన. ఐదు ఉత్తరాలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను. చివరిదానికి ఎక్కువ చోటు ఇచ్చాను, అందుకు కారణం ఆ ఉత్తరంలోనే ఉంది.

ప్రశ్న: దిగుమతుల మీద సుంకం వేస్తే ఆ డబ్బు విదేశీయులే కడతారని నాయకులు చెబుతారు. స్వదేశంలో కొనేవాళ్లే కడతారని ఆర్థికవేత్తలు అంటారు. ఇద్దరిలో ఎవరి మాట నిజం?

జవాబు: రేవులో సరుకు విడిపించుకునే దిగుమతిదారు సుంకాన్ని తన దేశపు ఖజానాకే కడతాడు. ఇంతవరకు వాదానికి చోటు లేదు. ఆ తరవాత భారం ఎటు జారుతుందన్నదే అసలు ప్రశ్న. దిగుమతిదారు ధర పెంచి కొనుగోలుదారు మీదికి నెట్టవచ్చు, తన లాభంలోంచి కొంత వదులుకోవచ్చు, లేదా విదేశీ తయారీదారుతో బేరమాడి ధర తగ్గించుకోవచ్చు. మూడూ జరుగుతాయి. ఏది ఎంత జరుగుతుందన్నది ఆ సరుకుకు ప్రత్యామ్నాయం ఎంత సులువుగా దొరుకుతుందో, కొనే దేశపు మార్కెట్టు ఆ తయారీదారుకు ఎంత అవసరమో చూసి చెప్పాలి.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. 2018 జనవరిలో అమెరికా ప్రభుత్వం ఇళ్లలో వాడే పెద్ద వాషింగ్ మెషీన్ల దిగుమతి మీద సుంకం ప్రకటించింది. మొదటి ఏడాది 12 లక్షల యంత్రాల వరకు 20 శాతం, ఆ పైన వచ్చే వాటి మీద 50 శాతం. అమెరికా కేంద్ర బ్యాంకుకూ షికాగో విశ్వవిద్యాలయానికీ చెందిన ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ తరవాత ధరల కదలికను లెక్కగట్టారు. వాషింగ్ మెషీన్ల ధర సుమారు 12 శాతం పెరిగింది. నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం బట్టలు ఆరబెట్టే డ్రైయర్ల సంగతి. వాటి మీద ఏ సుంకమూ లేదు, అయినా వాటి ధర కూడా దాదాపు అంతే పెరిగింది. అక్కడి కుటుంబాలు ఈ రెండింటినీ జతగా కొంటాయి కనుక అమ్మేవాళ్లు పెంపును రెండు యంత్రాల మీదా పంచారు. దేశంలోనే తయారైన యంత్రాలకూ పోటీ సడలింది కనుక వాటి ధరలూ పైకే వెళ్లాయి. ఆ ఆర్థికవేత్తల అంచనా ప్రకారం కొత్తగా ఏర్పడ్డ ఉద్యోగాలు సుమారు 1,800. కొనుగోలుదారుల మీద ఏడాదికి పడ్డ భారం సుమారు 150 కోట్ల డాలర్లు కాగా, సుంకం రూపంలో ఖజానాకు చేరింది 8.2 కోట్ల డాలర్లే. ఖజానాకు వచ్చింది తీసేసి చూసినా ఒక్కో ఉద్యోగానికి కొనుగోలుదారులు చెల్లించినది సుమారు 8,15,000 డాలర్లు అవుతుంది.

ఇంత ఖరీదైన విధానం రాజకీయంగా ఎలా నిలబడుతుందని మీకు సందేహం రావచ్చు. ఆ 1,800 మందీ ఫ్యాక్టరీ గేటు దగ్గర కళ్లకు కనిపిస్తారు, వాళ్లకు పేర్లున్నాయి, కొత్త జీతంతో కుదుటపడ్డ ఇళ్లున్నాయి. ధర ఎక్కువ చెల్లించిన లక్షల కుటుంబాలు అలా ఎందుకు చెల్లించవలసివచ్చిందో తెలియకుండానే బిల్లు మడిచి పక్కన పెట్టాయి. లాభం ఒకచోట కుప్పపడి నష్టం పలుచగా పరుచుకున్నప్పుడు రాజకీయం కుప్ప వైపే మొగ్గుతుంది. నష్టం కుప్పపడి లాభం పలుచబడినప్పుడు ఏమవుతుందన్నది రెండో ఉత్తరానికి రాసిన జవాబులో చూద్దాం.

ప్రశ్న: నేను అర్థశాస్త్రం విద్యార్థినిని. స్వేచ్ఛా వాణిజ్యం వల్ల రెండు దేశాలకూ మేలు జరుగుతుందని తులనాత్మక వ్యయ సిద్ధాంతం చదువుకున్నాను. ఆ సిద్ధాంతం సరైనదైతే ఇన్ని దేశాలు దాని నుంచి వెనక్కి ఎందుకు మళ్లుతున్నాయి?

జవాబు: బ్రిటన్ ఆర్థికవేత్త డేవిడ్ రికార్డో 1817లో ఇచ్చిన లెక్క మీకు గుర్తుండే ఉంటుంది. ఒక ఏడాదిలో కావలసిన వస్త్రం నేయడానికి ఇంగ్లండులో 100 మంది శ్రమ, సారాయం చేయడానికి 120 మంది శ్రమ కావాలి. పోర్చుగల్‌లో వస్త్రానికి 90 మంది, సారాయానికి 80 మంది చాలు. రెండు పనుల్లోనూ పోర్చుగలే ముందున్నా, ఇంగ్లండు వస్త్రం ఇచ్చి సారాయం పుచ్చుకుంటే 20 మంది శ్రమ, పోర్చుగల్ సారాయం ఇచ్చి వస్త్రం పుచ్చుకుంటే 10 మంది శ్రమ మిగులుతాయి. ఈ తర్కంలో ఇప్పటికీ దోషం లేదు. పరీక్షలో మీరు దీన్ని నిశ్చింతగా రాయవచ్చు.

అయితే ఆ లెక్క మొదటి స్థితినీ చివరి స్థితినీ మాత్రమే చూపిస్తుంది. మధ్యలో ఇంగ్లండులో సారాయం చేసే ఆ 120 మంది మగ్గం ముందుకు చేరాలి. వాళ్లు నేత ఎక్కడ నేర్చుకుంటారు, నేర్చుకునేదాకా ఏం తింటారు, ఊరంతా ఒకే పని మీద ఆధారపడి ఉంటే అమ్ముడుపోని ఇళ్లను వదిలి ఎలా కదులుతారు అన్నవి సిద్ధాంతానికి పట్టవు. మనుషులు బతికేది మాత్రం ఆ మధ్యకాలంలోనే.

ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో మార్పు వేగం పెరిగి, మనుషులు సర్దుకోవడానికి దొరికే ఆ వ్యవధి బాగా కుదించుకుపోయింది. 1947లో 23 దేశాలు సంతకం చేసిన గాట్ ఒప్పందం సుంకాలను మెట్టుమెట్టుగా దించుతూ వచ్చింది. 1956 ఏప్రిల్ 26న మాల్కమ్ మెక్లీన్ అనే రవాణా వ్యాపారి 58 అల్యూమినియం పెట్టెలను ఒక పాత చమురు ఓడ మీదికి ఎక్కించి అమెరికాలోని న్యూఆర్క్ రేవు నుంచి హ్యూస్టన్‌కు పంపించాడు. అప్పటిదాకా కూలీలు బస్తాలుగా, పీపాలుగా మోసిన సరుకు అటుపై క్రేను కింద నిమిషాల్లో ఎక్కసాగింది. సరుకు రవాణా అంత చవకైతే ఫ్యాక్టరీ ఎక్కడున్నా ఒకటే. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది, 2001 డిసెంబరులో చైనా అందులో చేరింది. చైనాలో కోట్ల మంది పేదరికం నుంచి బయటపడ్డారు. ఈ మాట చెప్పకుండా నష్టాల గురించే మాట్లాడటం నాకు న్యాయంగా అనిపించదు.

నష్టం సంగతికి వస్తే, డేవిడ్ ఆటర్, డేవిడ్ డోర్న్, గార్డన్ హాన్సన్ అనే ముగ్గురు 2013లో ప్రచురించిన పరిశోధన ఆర్థికవేత్తల్లో చాలామంది అభిప్రాయాన్ని మార్చింది. 1990 నుంచి 2007 వరకు అమెరికా తయారీరంగంలో తగ్గిన ఉపాధిలో సుమారు నాలుగో వంతుకు చైనా దిగుమతుల పోటీయే కారణమని వాళ్లు తేల్చారు. దెబ్బ దేశమంతటా సమానంగా పడలేదు, ఫర్నిచర్, దుస్తులు, బొమ్మలు వంటి వస్తువులు చేసే కొన్ని ప్రాంతాల మీదే పడింది. ఉద్యోగం పోయినవాళ్లు మరో చోటికి, మరో పనికి మళ్లుతారని పాఠ్యపుస్తకం చెప్పినది పదేళ్లు గడిచినా అక్కడ పూర్తిగా జరగలేదు. ఇలాంటివారి కోసం అమెరికాలో 1962 నుంచే ఒక సహాయ పథకం ఉండేది, 2022లో దాని గడువు ముగిసి కొత్తవారిని చేర్చుకోవడం ఆగిపోయింది. పోయిన జీతాలతో పోలిస్తే అది ఇచ్చినది స్వల్పం. చవక సరుకుల వల్ల దేశమంతా లాభపడింది, ఆ లాభంలోంచి నష్టపోయినవారికి వాటా ఇస్తే అందరూ బాగుపడతారని ఆర్థికవేత్తలు తరాల పాటు చెప్పారు. ఆ వాటా ఇచ్చారా లేదా అని తరచి చూసినవారు తక్కువ. నా దృష్టిలో మా వృత్తి చేసిన పెద్ద తప్పు ఇదే. వాటా అందని ఊళ్లు ఆ కోపాన్ని ఓటు రూపంలో చూపించాయి.

దేశాలు వెనక్కి మళ్లడానికి ఇదొక్కటే కారణం కాదు, భద్రత గురించిన భయం కూడా ఉంది. దాన్ని వచ్చే జవాబులో చెబుతాను. ఈలోగా తగాదాలు తీర్చే యంత్రాంగం కూడా కుంటుపడింది. కొత్త సభ్యుల నియామకానికి అమెరికా అడ్డుపడుతూ రావడంతో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం 2019 డిసెంబరు నుంచి కేసులు వినే స్థితిలో లేదు.

ప్రశ్న: గోరంత చిప్ కోసం పెద్ద పెద్ద ప్రభుత్వాలు ఎందుకు పోట్లాడుకుంటున్నాయి? ఉక్కు, చమురు కన్నా అది అంత ముఖ్యమా?

జవాబు: అత్యాధునిక చిప్‌ల మీద గీతలు గీసే యంత్రం లోపల జరిగేదాన్ని ఒక్కసారి ఊహించుకోండి. గాలి తీసేసిన గదిలో కరిగిన తగరం బిందువులు సెకనుకు 50,000 చొప్పున పడుతుంటాయి. ఒక్కో బిందువు వెంట్రుక మందం కన్నా చిన్నది. అది పడుతుండగానే లేజరు మొదటి దెబ్బ కొట్టి దాన్ని బిళ్లలా చదును చేస్తుంది, రెండో దెబ్బకు అది భగ్గున ప్లాస్మాగా, అంటే విద్యుదావేశం నిండిన వేడి వాయువుగా మారి 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతిని వెదజల్లుతుంది. ఆ కాంతిని గాలి కూడా పీల్చేసుకుంటుంది, గాజు కూడా పీల్చేసుకుంటుంది. అందుకే మామూలు కటకాలు పనికిరాక, జర్మనీకి చెందిన జైస్ సంస్థ నునుపు చేసిన ప్రత్యేకమైన అద్దాల మీదుగా దాన్ని మళ్లిస్తారు. ఇలాంటి యంత్రాలను వ్యాపారస్థాయిలో తయారుచేసి అమ్ముతున్నది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే. వాటితో చిప్‌లు చేయడంలో మొరిస్ చాంగ్ 1987లో స్థాపించిన తైవాన్ కంపెనీ టీఎస్ఎంసీ అందరికన్నా ముందుంది.

చమురు చాలా దేశాల్లో దొరుకుతుంది, ఉక్కు కొలుములు ఇంకా ఎక్కువ చోట్ల ఉన్నాయి. చిప్‌ల తయారీ గొలుసులో మాత్రం కొన్ని లంకెలు ఒక్కొక్క చోటే ఉన్నాయి. ఒక్క లంకె తెగితే కార్లూ ఫోన్లూ ఆసుపత్రి పరికరాలూ క్షిపణులూ అన్నీ ఆగుతాయి. కరోనా కాలంలో కార్ల కంపెనీలు గిరాకీ పడిపోతుందని చిప్ ఆర్డర్లు రద్దు చేసుకుని, తీరా గిరాకీ తిరిగొచ్చేసరికి వరుసలో చివరికి వెళ్లి, పూర్తికాని కార్లను మైదానాల్లో నిలబెట్టుకున్న సంగతి అందరికీ తెలిసిందే. ఆ గొలుసు ఎంత సున్నితమైనదో పాలకులకు అప్పుడు అర్థమైంది. ఇతరుల గొంతు నొక్కడానికి అదే లంకె పనికొస్తుందని కూడా వాళ్లు గ్రహించారు. 2022 అక్టోబరులో అమెరికా అత్యాధునిక చిప్‌లనూ వాటిని చేసే పరికరాలనూ చైనాకు అమ్మడంపై ఆంక్షలు పెట్టింది. 2023 ఆగస్టు నుంచి చైనా చిప్‌ల తయారీలో వాడే గాలియం, జర్మేనియం లోహాల ఎగుమతికి అనుమతి తప్పనిసరి చేసింది.

ఇక రాయితీల పోటీ మొదలైంది. అమెరికా 2022లో చేసిన చట్టం చిప్‌ల కోసం సుమారు 5,270 కోట్ల డాలర్లు కేటాయించగా, యూరప్ 2023లో 4,300 కోట్ల యూరోలు సమీకరించే లక్ష్యంతో తన చట్టం చేసుకుంది. ప్రతి దేశమూ మొత్తం గొలుసును తన ఇంటికే తెచ్చుకోవాలనుకుంటే ఖర్చు ఎన్నో రెట్లు పెరిగి, అందరి దగ్గరా వెనకబడ్డ చిప్‌లే మిగిలే ప్రమాదం ఉంది. భద్రత కోసం కొంత అదనపు ఖర్చు సమంజసమేనని నేను నమ్ముతాను. కాని ఆ ఖర్చు ఎంతో, రాయితీ పుచ్చుకున్న కంపెనీ మాట తప్పితే సొమ్ము ఎలా తిరిగొస్తుందో ప్రజలకు ముందే చెప్పాలి. భద్రత అన్న మాట వినపడగానే చట్టసభల్లో లెక్కలడగడం ఆగిపోతుంది. ఈ పోటీలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది అదే.

ప్రశ్న: దేశాల కన్నా పెద్దవైపోయిన సాంకేతిక కంపెనీలను ప్రభుత్వాలు ఇక అదుపు చేయగలవా?

జవాబు: ఒంటరిగా చేయడం కష్టం, కలిసికట్టుగా చేయవచ్చు. కాని కలిసికట్టు ఎక్కువ కాలం నిలవదు. 2021 అక్టోబరులో 136 దేశాలు పెద్ద కంపెనీల లాభాల మీద కనీసం 15 శాతం పన్ను ఉండాలని ఒప్పుకున్నాయి. ఏటా 75 కోట్ల యూరోల పైబడి ఆదాయం ఉన్న సంస్థలకు ఇది వర్తిస్తుంది. యూరప్ దేశాలు చాలావరకు 2024 నుంచి అమల్లోకి తెచ్చాయి, అమెరికా 2025లో ఆ ఒప్పందానికి తమ దేశంలో విలువ లేదని ప్రకటించింది. మరోవైపు, వ్యక్తిగత సమాచారంపై 2018లో అమల్లోకి వచ్చిన యూరప్ నిబంధనలు కంపెనీ ప్రపంచవ్యాప్త వార్షిక ఆదాయంలో 4 శాతం దాకా జరిమానా వేసే వీలు కల్పించాయి. ఇలాంటి నిబంధన ఎక్కడ పనిచేస్తుందంటే, కంపెనీ వదులుకోలేనంత పెద్ద మార్కెట్టు ఉన్నచోట. చిన్న దేశాలకు ఆ బలం లేదు, అవి జట్టు కట్టడం తప్ప మరో దారి నాకు కనిపించడం లేదు.

ప్రశ్న: నేను పద్దెనిమిదేళ్లుగా అనువాదకురాలిని. రెండేళ్ల కిందటిదాకా కొత్త పనులు కాదనవలసివచ్చేది. ఇప్పుడు యంత్రం చేసిన అనువాదాన్ని సరిదిద్దమని పంపిస్తున్నారు, పాత రేటులో మూడో వంతు ఇస్తున్నారు. సరిదిద్దడానికి పట్టే సమయం మాత్రం మూడో వంతు కాదు. సాంకేతికత ఎప్పుడూ పాత ఉద్యోగాలు తీసేసి కొత్తవి ఇస్తుందని అందరూ ధైర్యం చెబుతున్నారు. నిజమేనా? మా అమ్మాయి కూడా భాషలే చదువుతానంటోంది, వద్దనాలా?

జవాబు: మీకు చెబుతున్న ధైర్యం సగం నిజం. ఆ సగాన్ని ముందు చెప్తాను. బ్యాంకుల్లో నగదు యంత్రాలు వచ్చినప్పుడు కౌంటరు ఉద్యోగులు అంతరించిపోతారని అనుకున్నారు. అమెరికాలో ఒక్కో శాఖకు కావలసిన ఉద్యోగుల సంఖ్య తగ్గింది. దానితో శాఖ నడపడం చవకై, బ్యాంకులు మరిన్ని శాఖలు తెరిచాయి, మొత్తం కౌంటరు ఉద్యోగాలు చాలా ఏళ్లపాటు తగ్గలేదు. ఈ కథను చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆ తరవాత బ్యాంకు పనులు ఫోనులోకి వచ్చేశాయి, శాఖలే మూతపడసాగాయి, అప్పుడు ఆ ఉద్యోగాలూ తగ్గాయి.

ఇంకాస్త వెనక్కి వెళితే, 1811లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ ప్రాంతంలో మేజోళ్లు అల్లే పనివాళ్లు యంత్రాలు పగలగొట్టారు. లడ్డైట్లు అన్న పేరు అప్పుడే పుట్టింది. ప్రగతికి అడ్డుపడే మూర్ఖులన్న అర్థంలో ఇవాళ ఆ పేరును వాడుతున్నారు, అది వాళ్లకు జరిగిన అన్యాయం. మేజోళ్ల యంత్రం 1589 నాటిది, అంటే వాళ్ల తాతముత్తాతలు కూడా దాని మీదే బతికారు. వాళ్లు తిరగబడింది వెడల్పు గుడ్డ అల్లి కత్తిరించి కుట్టిన నాసిరకం సరుకుతో రేట్లు పడగొట్టడం మీద, పని నేర్వనివాళ్లను తక్కువ కూలికి పెట్టుకోవడం మీద. మీ ఉత్తరంలోని మూడో వంతు రేటు చదివినప్పుడు నాకు వెంటనే వాళ్లే గుర్తొచ్చారు. యంత్రాలు పగలగొడితే ఉరిశిక్ష వేసేలా 1812లో చట్టం చేశారు. కవి బైరన్ ప్రభువుల సభలో తన మొదటి ప్రసంగంలోనే ఆ బిల్లును వ్యతిరేకించాడు, అయినా అది చట్టమైంది. ఆ రోజుల గురించి చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ వేసిన లెక్క ప్రకారం 1780 నుంచి 1840 వరకు బ్రిటన్‌లో ఒక్కో పనివాడి ఉత్పత్తి 46 శాతం పెరిగితే నిజ వేతనం, అంటే ధరల పెరుగుదల తీసేసి చూసిన వేతనం, పెరిగింది 12 శాతమే. వేతనాలు అందుకోవడానికి ఆ తరవాత మరో తరం పట్టింది. కొత్త పనులు వచ్చిన మాట నిజమే, కాని పాత పని పోయినవాళ్లలో చాలామంది వాటిని చూసేదాకా బతకలేదు.

వాణిజ్యం గురించి అంత నమ్మకంగా రాసిన రికార్డో కూడా 1821లో తన గ్రంథం మూడో ముద్రణకు యంత్రాల మీద కొత్త అధ్యాయం చేర్చి, యంత్రాలు అన్ని వర్గాలకూ మేలే చేస్తాయన్న తన పాత అభిప్రాయం తప్పని ఒప్పుకున్నాడు. అవి శ్రామికుల ప్రయోజనాలకు తరచు హాని చేయగలవని రాశాడు. పేరుప్రతిష్ఠలున్న పండితుడు అచ్చులో అలా దిద్దుకోవడం నాకెంతో గౌరవం కలిగించే విషయం.

మీ వృత్తిలో ఇంకో సంగతి ఉంది. అనువాద యంత్రాలు భాష నేర్చుకున్నది మీలాంటివారి పని నుంచే. 1980ల చివర్లో ఐబీఎం పరిశోధకులు ఇంగ్లీషు, ఫ్రెంచి భాషలు రెండింటిలోనూ అచ్చయ్యే కెనడా పార్లమెంటు చర్చలను పక్కపక్కన పెట్టి, ఏ మాటకు ఏ మాట జతపడుతోందో కంప్యూటరు చేత లెక్కకట్టించారు. 2006లో మొదలైన గూగుల్ అనువాద సేవ ఐక్యరాజ్యసమితి, యూరప్ పార్లమెంటు పత్రాలను వాడుకుంది. ఆ వాక్యాలను దశాబ్దాల పాటు ఒక్కొక్కటిగా దిద్దుకున్నవాళ్లు జీతం తీసుకున్న అనువాదకులు, ఆ జీతం ప్రజల సొమ్ము. దాని ఫలితం ఇప్పుడు కొద్ది సంస్థల ఆస్తి అయింది. ఆ ఆస్తిలో అనువాదకుల వాటా ఎంత అని అడగడం మీ హక్కు. కొన్ని దేశాల న్యాయస్థానాల్లో కాపీహక్కు కేసుల రూపంలో ఇప్పుడు తేలవలసినది అదే.

ప్రభుత్వాలు చేయగలిగినవి ఉన్నాయి, వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది పన్ను. చాలా దేశాల్లో మనిషిని పనిలో పెట్టుకుంటే జీతం మీద పన్నులూ బీమా చందాలూ కట్టాలి, యంత్రం లేదా సాఫ్ట్‌వేరు కొంటే తరుగుదల కింద పన్ను తగ్గింపు దొరుకుతుంది. దాంతో మనిషితో సమానంగానే పనిచేసే యంత్రం కూడా లెక్కల్లో చవకగా తేలుతుంది. యంత్రం వాతావరణంలా దానంతటది వచ్చిపడదు, ఇలాంటి నియమాలే దాన్ని ఒక దిక్కుకు తోస్తాయి. రెండోది, జీతం లేకుండా పనికింత అని తీసుకునే మీలాంటివారికి నిరుద్యోగ భృతి గాని, శిక్షణ భత్యం గాని సాధారణంగా అందదు. ఆ పథకాలు నెలజీతగాళ్లను దృష్టిలో పెట్టుకుని రూపొందినవి. రేటు పడిపోవడాన్ని ఉద్యోగం పోవడంగా లెక్కించే పథకం రావాలంటే అనువాదకులు సంఘటితంగా అడగాలి. ఒంటరిగా బేరమాడితే మూడో వంతు రేటు నాలుగో వంతు అవుతుంది. సరిదిద్దే పనిని పదాల లెక్కన ఒప్పుకోకుండా గంటల లెక్కన అడగడం మీరు రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

మీ అమ్మాయిని వద్దనకండి. భాషతోపాటు న్యాయశాస్త్రమో వైద్యమో మరొకటి లోతుగా చదవమనండి. సాక్షి వాంగ్మూలంలో ‘చూశాను’, ‘చూసినట్టున్నాను’ ఒకటే అయిపోతే, మందు మోతాదులో దశాంశ బిందువు పక్కకు జరిగితే, దాని కింద సంతకం పెట్టి బాధ్యత వహించేందుకు మనిషి కావాలి. ఆ సంతకం తప్పనిసరి అని నియమం ఉన్నచోట ఆ పనికి రేటు నిలబడుతుంది, లేనిచోట పడిపోతుంది. అమ్మాయి చేరబోయే రంగంలో ఆ నియమం ఉందో లేదో చదువు ఎంచుకునే ముందే కనుక్కోండి.